పన్నెండు కన్నాల గోడ

ఎర్రరోజు 1

పొద్దున తొమ్మిదింటికి సైరన్ మోగింది. ఎండ యాభై డిగ్రీలకు చేరువయ్యే రోజును ఎర్రరోజు అంటారు, ఈ ఏడాదికి ఇదే మొదటిది. పదయ్యేలోగా రెండు వాడల జనమూ చలువింట్లోకి దిగిపోవాలి. సాయంత్రం ఆరున్నర దాకా ఎవరూ పైకి రాకూడదు. మెట్ల పక్కన నిలబడి వచ్చినవాళ్ళను వచ్చినట్టు రాసుకున్నాను. నల్లబండ వాడ నుంచి నూట తొంభై మంది, రేవు వాడ నుంచి నూట అరవై మంది.

ఈ ఇల్లు నేను గీసింది. కట్టడానికి రెండేళ్ళు పట్టింది. నాపరాయి తవ్వి వదిలేసిన గని అడుగున, పైన మట్టి కప్పి, ఒకటే పెద్ద గది. ఉత్తరాన గాలిబావిలోంచి గాలి దిగుతుంది, నీటికాలవ మీదుగా పోయి చల్లబడుతుంది, గదంతా పారి దక్షిణాన ఉన్న ఎత్తైన గొట్టంలోంచి పైకి పోతుంది. మోటారు లేదు, కరెంటు లేదు. ఇవాళ బయట నలభై తొమ్మిది డిగ్రీలు. లోపల నలభై చోట్ల వేలాడదీసిన థర్మామీటర్లు మూడు సార్లు చూశాను. అన్నీ ముప్పై రెండు, ముప్పై మూడు దగ్గరే ఉన్నాయి.

జనం మాత్రం ఎవరి చాప వాళ్ళు గోడవైపు తిప్పి పరుచుకున్నారు. ఇళ్ళలో ఏసీలు ఆపించేసి ఆరేళ్ళయింది. కానీ అంతకుముందు ఇరవై ఏళ్ళు తలుపులు బిగించుకుని బతికిన అలవాటు అంత తొందరగా ఎక్కడ పోతుంది? గది నడుమ నేను ముచ్చటపడి అర్ధచంద్రాకారంలో చెక్కించిన అరుగుల మీద పొద్దుగూకేదాకా ఒక్కరూ కూర్చోలేదు.

నా మొహం చూసి దస్తగిరన్న దగ్గరికొచ్చాడు. ఆయన ఈ గనిలోనే నలభై ఏళ్ళు రాయి కొట్టాడు. ఈ ఇంటికి పెద్దమేస్త్రీ ఆయనే, నల్లబండ వాడకు పెద్దమనిషీ ఆయనే.

"దిగులు పడాకు మేడం," అన్నాడు. "ఒక్క దెబ్బకే రాయి పగుల్తాదా యాడన్నా?"

ఎర్రరోజు 4

అరుగులు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. మధ్యాహ్నం థర్మామీటర్లు చూసుకుంటూ తిరుగుతుంటే రేవు వాడ పైడమ్మ నా కొంగు పట్టుకుని ఆపింది. నలభై ఐదేళ్ళుంటాయి. వాళ్ళ ఊరిని సముద్రం తినేశాక, మూడేళ్ళ క్రితం అరవై కుటుంబాలను లారీల్లో తెచ్చి ఈ రాతినేల మీద దింపారు. చేపలు పట్టే చేతులతో ఇప్పుడు తోటలకు నీడవలలు అల్లుతున్నారు.

"మేడమ్మా, ఒక మాట సెప్తాను, ఏటనుకోకు."

"చెప్పక్కా."

"ఊరికే కూకోమంటే ఎవులు కూకుంటారు? ఎదురెదురుగా మొకాలు సూసుకోడానికి ఇదేటి పెళ్ళిసూపులా? ఆ అరుగుల కాడ పనెట్టు. సేతిలో పనుంటే నోరు దానంతటదే ఇప్పుకుంటాది."

పదిహేనేళ్ళుగా జనం కలిసే కట్టడాలు గీస్తున్నాను. ఈ మాట నాకు ఏ క్లాసులోనూ ఎవరూ చెప్పలేదు. సాయంత్రం సైరన్ మోగగానే దస్తగిరన్ననూ నలుగురు మనుషులనూ పట్టుకుని మూలనున్న పొయ్యిలన్నీ నడుమకు మార్పించాను. రుబ్బురోళ్ళు, సన్నికళ్ళు అరుగుల పక్కకు చేరాయి. వలలు కట్టుకోవడానికి కొక్కేలు కొట్టించాను.

ఎర్రరోజు 11

ఇవాళ రాసుకోవలసిన ఇబ్బందేమీ లేదు. రాయకుండా ఉండలేక రాస్తున్నాను.

నల్లబండ ఆడవాళ్ళు పదిమంది పైడమ్మ చుట్టూ చేరి వల ముడి నేర్చుకున్నారు. ముడి పడలేదని ఒకామె విసుక్కుంటే, "రాయి పగలగొట్టీసిన సెయ్యికి దారం లొంగదేటి?" అని పైడమ్మ దెప్పింది. అందరూ నవ్వారు. పైడమ్మ మొగుడు నూకరాజు, మాట తక్కువ మనిషి, దస్తగిరన్న దగ్గర కూర్చుని ఉలికి పదును పెట్టడం నేర్చుకుంటున్నాడు. ఎవరి చాప ఎవరిదో నాకు తెలియలేదు. ఏ వాడ నుంచి ఎందరో లెక్క రాసుకునే పని మానేశాను.

ఆరున్నరకు సైరన్ మోగినా ఓ ముప్పై మంది పైకి వెళ్ళలేదు. చేతిలో పని సగంలో ఉందట.

ఎర్రరోజు 17

తల పగిలింది. చిన్న గొడవతో మొదలైంది.

రేవు వాడ వాళ్ళు పొయ్యి మీద ఎండుచేపలు కాల్చారు. పొయ్యిలిప్పుడు నడుమ ఉన్నాయి కదా, గాలితో పాటు పొగా వాసనా గదంతా పాకాయి. నల్లబండ వాళ్ళలో ఒక ముసలాయనకు ఆయాసం. ఆయన దగ్గి దగ్గి నీలబడిపోయాడు. ఆయన కొడుకు వచ్చి పెనం తీసి అవతల పారేశాడు. "మా గని, మా రాయి. సముద్రంలో కొట్టుకొచ్చినోళ్ళకు నీడిచ్చినాం, అదే ఎక్కువ," అన్నాడు. ఆ మాటతో రేవు వాడ మగవాళ్ళు లేచారు. ఎవరు విసిరారో తెలీదు, ఇనప గరిటె వచ్చి దస్తగిరన్న తమ్ముడి నుదుటికి తగిలింది. ఎనిమిది కుట్లు పడ్డాయి.

బయట యాభై డిగ్రీలు. కొట్టుకున్నవాళ్ళు కూడా సాయంత్రం దాకా అదే గదిలో, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూడకుండా కూర్చోవలసి వచ్చింది.

ఎర్రరోజు 18

దస్తగిరన్న నలుగురు పెద్దలతో వచ్చాడు. నా కళ్ళలోకి చూడలేదు.

"నడుమ గోడ కట్టు మేడం. ఆళ్ళు ఆ పక్క, మేము ఈ పక్క. పడమర పక్క పాత బండ్లదారి ఉండాదే, దాన్ని తెరిచి ఆళ్ళకు వేరే వాకిలి పెడదాం."

"గోడ కడితే గాలి ఆగిపోతుందన్నా. గాలిబావి మీ వైపు పడుతుంది, గాలిగొట్టం వాళ్ళ వైపు పడుతుంది. నీకు తెలుసు కదా, నువ్వే కదా కట్టింది."

"తెలుసు," అన్నాడు. "అయినా మనుషులు కొట్టుకుని సచ్చేదానికన్నా నయమే కదా?"

రేవు వాడ వాళ్ళను అడిగాను. వాళ్ళకూ గోడే కావాలట. పైడమ్మ ఒక్కతే వద్దంది. ఆమె మాట వాళ్ళ మగవాళ్ళే వినలేదు.

ఈ ఇల్లు కట్టించిన మా శాఖలోని పెద్దసారుకు ఫోన్ చేశాను. ఆయన నా లెక్కలన్నీ ఓపిగ్గా విన్నాడు. "చూడండి దమయంతిగారూ, ఇంకో గొడవ జరిగితే శాంతిభద్రతల కింద ఆ ఇల్లు మూసేయమంటారు. మూస్తే మూడొందల యాభై మంది రేకుల కింద ఉడుకుతారు. గోడకు ఎంత ఖాళీ వదిలితే సరిపోతుందో చెప్పండి, అంత వదిలి కట్టేయండి," అన్నాడు.

సాయంత్రం దాకా లెక్క వేశాను. పైకప్పు కింద మూర పొడవు, మూర ఎత్తున పన్నెండు కన్నాలు వదిలితే, గాలి కదులుతున్న రోజుల్లో అవతల ముప్పై ఆరు దాటదు. గాలి కదలని రోజు సంగతి కాగితం మీద తేలలేదు. అది తేలలేదన్న మాట కూడా కాగితం మీద రాశాను. ఆ కింద సంతకం పెట్టాను.

ఎర్రరోజు 21

మూడు సాయంత్రాల్లో గోడ లేచింది. దస్తగిరన్న చేతిపని. గుండుసూది దూరదు.

ఆఖరి వరస పెట్టేముందు పైడమ్మ వచ్చింది. అవతల నిలబడి ఇవతలున్న నాతో మాట్లాడింది.

"మేడమ్మా, మాకేటీ అవదు కదా?"

"పైన పన్నెండు కన్నాలు ఉంచుతున్నామక్కా. వాటిని మూయకుండా చూసే పూచీ నాది."

"అయితే సరే," అంది. "నీ మాట సాలు."

ఎర్రరోజు 26

ఇవతల ముప్పై రెండు. అవతల ముప్పై ఏడు.

నిచ్చెన వేసి చూశాను. పన్నెండు కన్నాల్లో నాలుగింట్లో గోనెగుడ్డలు కుక్కి ఉన్నాయి. గాలి తగ్గినప్పుడు చేపల వాసన వెనక్కి వస్తోందని ఇవతలి వాళ్ళు కుక్కారు. తీయించాను. ఇకమీదట ఎవరూ కుక్కొద్దని అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. తలలూపారు.

అవతలి వాకిలికి వెళ్ళాలంటే గని చుట్టూ తిరిగి, పైకెక్కి, మళ్ళీ దిగాలి. నాలుగు వందల అడుగుల దూరం. ఎర్ర వేళల్లో అది కుదరదు. కాబట్టి అవతలి థర్మామీటర్లు పొద్దున సైరన్ ముందొకసారి, సాయంత్రం ఒకసారి మాత్రమే చూడగలుగుతున్నాను. మధ్యాహ్నం లెక్క పైడమ్మ చూసి గుర్తుపెట్టుకుని నాకు చెప్తోంది. చదువు రాదు గానీ అంకెలు బాగా పోల్చుకుంటుంది.

ఎర్రరోజు 31

అవతల మధ్యాహ్నం ముప్పై తొమ్మిది అయిందని పైడమ్మ చెప్పింది. పిల్లలు మగతగా ఉంటున్నారట.

మళ్ళీ నిచ్చెన వేశాను. ఏడు కన్నాలు మూసుకుపోయి ఉన్నాయి. మూడు ఇవతలి నుంచి, నాలుగు అవతలి నుంచి. ఇవతలి పిల్లలు కన్నాల్లోంచి రాళ్ళు వేస్తున్నారని, తిట్లు వినబడుతున్నాయని అవతలి వాళ్ళే చాపలు చుట్టి కుక్కారట. నాకు ఓపిక నశించింది. చేతికందిన నాలుగు గుడ్డలు పీకి పారేశాను. మిగిలినవి గట్టిగా ఇరుక్కున్నాయి. కన్నాలకు ఇనప జాలీలు బిగిస్తే ఎవరూ కుక్కలేరు. జాలీల కోసం శాఖకు కబురు పెట్టాను. నాలుగు రోజుల్లో వస్తాయన్నారు. నాలుగు రోజులే కదా అనుకున్నాను.

ఎర్రరోజు 34

నిన్న రాయలేకపోయాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

నిన్న పొద్దున్నుంచీ ఆకు కదలలేదు. బయట యాభై రెండు. మధ్యాహ్నం ఇవతల ముప్పై నాలుగు ఉంది. గాలి లేకపోయినా నీటికాలవ మా వైపే ఉంది కాబట్టి మాకు నడిచిపోయింది. జనం పడుకున్నారు. నేను బల్ల దగ్గర కూర్చుని జాలీల కొలతలు రాసుకుంటున్నాను.

రెండింటప్పుడు గోడ మీద దెబ్బలు మొదలయ్యాయి. రాతితో రాతిని కొడుతున్న చప్పుడు. "మల్ల మొదలుపెట్టినారు. కండ్లు మూసుకోనీరు," అని ఎవరో గొణిగారు. వలల కోసం కొక్కేలు కొట్టుకుంటున్నారేమో అనుకున్నాను. చప్పుడు ఆగలేదు. ఇవతల ఎవరో సుత్తి తీసుకుని అదే వరసలో ఎగతాళిగా తిరిగి కొట్టారు. నలుగురైదుగురు నవ్వారు. అవతల ఇంకా గట్టిగా, ఇంకా తొందరగా కొట్టారు.

నేను కాగితం మీంచి తలెత్తలేదు.

ఇరవై నిమిషాలకు చప్పుడు నెమ్మదించింది. తర్వాత ఆగిపోయింది. "హమ్మయ్య," అన్నారెవరో.

కాసేపటికి మా వాకిలి తలుపు మీద ఎవరో పడ్డట్టయింది. తీస్తే నూకరాజు. యాభై రెండు డిగ్రీల ఎండలో గని చుట్టూ తిరిగి వచ్చాడు. కాళ్ళకు చెప్పుల్లేవు. అరికాళ్ళు బొబ్బలెక్కి చర్మం ఊడి వేలాడుతోంది.

"కొట్టినాం," అన్నాడు. "ఎంత సేపు కొట్టినామండీ..."

అక్కడే కూలిపోయాడు.

దస్తగిరన్న లేచాడు. గడ్డపార తీసుకుని, తను కట్టిన గోడను తనే పొడవడం మొదలుపెట్టాడు. మిగతావాళ్ళు సుత్తులు, సమ్మెటలు తీసుకున్నారు. నుదుటన కుట్లున్న ఆయన తమ్ముడు చేతులతో రాళ్ళు లాగాడు. మనిషి పట్టేంత సందు పడటానికి పావుగంట పట్టింది. అందులోంచి వచ్చిన ఆవిరి మొహాలకు కొట్టి ముందున్నవాళ్ళు వెనక్కి తూలారు. పైన కన్నాలు మళ్ళీ మూసుకుపోయి ఉన్నాయి, వాళ్ళ అరుపులు ఇవతలికి రాలేదు. గాలి లేని రోజున గొట్టం తిరగబడింది. పైన కాలిన గాలి అందులోంచి కిందికి దిగి, నూట అరవై మంది ఊపిరితో కలిసి అక్కడే నిలిచిపోయింది. లోపలి థర్మామీటరు నలభై ఐదు చూపించింది.

అందరినీ ఇవతలికి మోసుకొచ్చారు. ఎవరు ఎవరిని మోశారో చూసినవాళ్ళు లేరు. కాలవలో పడుకోబెట్టారు, తడిగుడ్డలు చుట్టారు, నోట్లో నీళ్ళు పోశారు. నల్లబండ ఆడవాళ్ళు రేవు వాడ పిల్లలను ఒళ్ళో వేసుకుని సాయంత్రం దాకా విసురుతూనే ఉన్నారు. పిల్లలందరూ బతికారు. చివరిదాకా ఊపిరాడే చోటు అడుగున నేలబారునే ఉంటుందని, పిల్లలందరినీ నేల మీద బోర్లా పడుకోబెట్టి, చీరలు తడిపి కప్పించింది పైడమ్మేనట.

ముగ్గురు పోయారు. డెబ్భై దాటిన అప్పన్న, సత్తెమ్మ. పైడమ్మ.

పైడమ్మ గోడ మొదట్లో ఉంది. చేతిలో సన్నికల్లు పొత్రం. కొట్టింది ఆమే.

ఎర్రరోజు 36

శాఖ నుంచి కాగితం వచ్చింది. మరణాలకు కారణం "అసాధారణ వాతావరణ పరిస్థితి" అని రాసి ఉంది. కింద నా సంతకానికి చోటు వదిలారు. పెద్దసారు ఫోన్ చేశాడు.

"మీ మీద మాట రాకుండా రాయించానమ్మా. సంతకం పెట్టి పంపేయండి."

"గాలి లేని రోజు ఏమవుతుందో తేలలేదని రాసి కూడా నేను గోడకు సంతకం పెట్టాను సార్. కన్నాలు మూసుకుపోతున్నాయని చూసి కూడా జాలీలు వచ్చేదాకా ఆగుదామనుకున్నాను. చప్పుడు విని కూడా లేవలేదు. ఇవి రాయండి, సంతకం పెడతాను."

ఆయన, "మీకు విశ్రాంతి కావాలి," అన్నాడు. ఆ కాగితం పక్కన పెట్టి నేనే శాఖకు వేరే ఉత్తరం రాశాను. మూడు పేజీలు వచ్చింది. అందులో దస్తగిరన్న పేరు రాయలేదు. ఆయన వచ్చి చదివించుకుని, "నా పేరు కూడా రాయి మేడం. గోడ అడిగింది నేను," అన్నాడు. రాశాను.

ఎర్రరోజు 38

పొద్దున సైరన్‌కు ముందే నూకరాజు ఇంటికి వెళ్ళాను. పాదాలకు కట్లతో మంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి స్టూలు చూపించాడు. కూర్చోలేకపోయాను.

"ఒక మాట అడుగుతానండి," అన్నాడు. "గోడ కడితే ఇలగ అవచ్చని మీకు ముందే తెలుసా?"

"తెలుసు."

తల ఊపాడు. కోపం చేస్తే బాగుండుననిపించింది.

"గోడ లేసిన నాడే నాను ఎల్లిపోదాం అన్నానండి. ఇక్కడ మనకి పడదు, వేరే శిబిరం సూసుకుందాం అన్నాను. అది ఒప్పుకోనేదు. మేడమ్మ పూచీ పడింది, మరేటి బయం అంది." పాదం మీది కట్టు సర్దుకుని, "కొడతన్నప్పుడు కూడా అదే అందండి. ఆగండి, మేడమ్మ ఇనీసుంటాది, వొచ్చెత్తాది అనీసి," అన్నాడు.

సైరన్ మోగింది. "ఎండెక్కిపోతాది, ఎల్లండి," అన్నాడు నూకరాజు.

ఎర్రరోజు 41

రేవు వాడ వాళ్ళు వెళ్ళిపోయారు.

తెల్లవారుతూనే ఏడు లారీలు వచ్చాయి. వాళ్ళు వెళ్ళే శిబిరం నాకు తెలుసు. ఉత్తరాన, ఒకటిన్నర రోజు ప్రయాణం. అన్నీ రేకుల షెడ్లు, ఒక్కో కుటుంబానికి ఒక్కో గది, రోజుకు మూడు గంటలు ఫ్యాను. ఆ మాట నూకరాజుతో చెప్పాను. తెలుసన్నాడు.

నల్లబండ వాడంతా రోడ్డు మీదికొచ్చింది. దస్తగిరన్న మొదటి లారీ ముందు నిలబడ్డాడు.

"పోవాకండి నూకరాజూ. తప్పు మాది. గోడ తీసేసినాం, రాయన్నది లేకుండా తీసేసినాం. వచ్చి చూడండి. యాడ కావాలంటే ఆడ కూకోండి. కాలవ పక్కన మీరే కూకోండి."

"మీ మీద కోపం నేదు దస్తగిరన్నా," అన్నాడు నూకరాజు పైనుంచి. "ఆ గదిలోకి మాత్తరం దిగలేం. ఎక్కడ రాయి సప్పుడైనా మా పిల్లలు ఉలిక్కిపడి లేసి కూకుంటన్నారు. ఇక్కడంతా రాయే కదన్నా."

దస్తగిరన్న పక్కకు జరిగాడు. అల్లిక నేర్చుకున్న ఆడవాళ్ళు నీళ్ళ బిందెలు, రొట్టెల మూటలు లారీల్లోకి అందించారు. అవతలి ఆడవాళ్ళు అందుకున్నారు. ఒకరిద్దరు చేతులు పట్టుకుని వదల్లేదు. డ్రైవరు హారన్ కొట్టాడు. ఎండ ముదిరేలోగా కనుమ దాటాలి.

తొమ్మిదింటికి సైరన్ మోగింది. నూట తొంభై మందీ దిగారు. బయట యాభై. లోపల నలభై థర్మామీటర్లూ చూశాను. అన్నీ ముప్పై ఒకటి. ఈ ఇల్లు కట్టిన నాటి నుంచీ ఇంత చల్లగా, ఇంత సమంగా ఏ రోజూ లేదు. నా ఉత్తరం అందాక శాఖ నన్ను ఇక్కడి నుంచి తప్పించింది. రేపు నా బదులు వచ్చే ఇంజనీరుకు ఈ లెక్కలన్నీ అప్పగించాలి.

నేల మీద గోడ తాలూకు సున్నం గీత కూడా మిగల్లేదు. దస్తగిరన్న గీకి, నాలుగు సార్లు కడిగాడు. అయినా గీత ఎక్కడుండేదో అందరికీ తెలుసు. నూట తొంభై మందీ దానికి ఇవతలే చాపలు పరుచుకున్నారు. అటువైపు ఎవరూ వెళ్ళలేదు.